కార్జం ముక్క పట్టిన చెయ్యి

కుక్కలు నన్ను నమ్ముతాయి. ఎందుకు నమ్ముతాయో నాకు తెలియదు. వాటికి బుద్ధి లేదని నా అభిప్రాయం. ఖతర్‌లో స్కాఫోల్డింగ్, అంటే పరంజా కట్టే పని చేసిన ఏడేళ్ళూ సైటు చుట్టుపక్కల కుక్కలన్నీ మధ్యాహ్నం అన్నం వేళకి నా దగ్గర చేరేవి. పక్కనే బిర్యానీ డబ్బా తెరిచినవాణ్ణి వదిలేసి, ఎండిన ఖుబూస్ రొట్టె నములుతున్న నా కాళ్ళ దగ్గర పడుకునేవి. తరిమినట్టు చెయ్యి ఊపితే ఆటనుకుని మీద పడేవి. మేముండే లేబర్ క్యాంపులో నన్ను ఏడిపించడానికి అదొక సాకు. "అన్నా, నీకు ఈడ ఉండనీకి ఆకామా ఇచ్చింది కంపెనీ కాదే, గీ కుక్కలే" అని నవ్వేవాళ్ళు.

మోకాలు పాడై స్కాఫోల్డింగ్ ఎక్కలేని రోజు వచ్చినప్పుడు నిజంగానే కుక్కలే నాకు అన్నం పెట్టాయి. అల్ రయ్యాన్‌లో డబ్బున్నవాళ్ళ కుక్కల్ని ఉంచుకునే చోటు ఒకటి ఉంది. స్నానాలు చేయిస్తారు, గోళ్ళు కత్తిరిస్తారు, మాట వినడం నేర్పుతారు. అక్కడ గదులు కడిగే పనికి చేరాను. ఏడాది తిరక్కముందే నేర్పే పని నా చేతికి వచ్చింది. మా అత్త ఫోనులో ఇప్పటికీ నోరు తెరుస్తుంది, ఆమెకు గల్ఫంతా దుబాయే. "దుబాయ్‌ల కుక్కలకు సుత ఏసీ ఉంటదా అల్లుడా? వాటికి నౌకరుంటడా?" అని. ఉంటాడు అత్తమ్మా, ఆ నౌకరును నేనే.

ఈ చెయ్యి ఈ పని ఎక్కడ నేర్చిందని అక్కడ ఎవరూ అడగలేదు. ముందే చెప్పేస్తాను. దాచి దాచి చివర్లో చెప్పి మిమ్మల్ని అదరగొట్టే ఓపిక నాకు లేదు. ఖతర్ రాకముందు ఒక ఎండాకాలం మా ఊళ్ళో నేను కుక్కల్ని చంపాను.

ఒక పసిపిల్ల ముఖం కుక్క కరిచింది. బాగా కరిచింది, నేను చూశాను. ఊరంతా కూడింది. వీధికుక్కలు ఒక్కటి కూడా ఉండొద్దన్నారు. ఎవరో పట్నం నుంచి మందు, సూదులు తెచ్చారు. పట్టేవాడు కావాలి. అందరూ నా వైపే చూశారు. "నీ మాట ఇంటయి గద, నువ్వయితే ఉరికిచ్చుడు, కట్టెలతోని కొట్టుడు ఉండది. సుకంగ పోతయి" అన్నాడు ఒక పెద్దమనిషి. ఆ మాట నాకు గొప్పగా తోచింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ రోజు నాకు గొప్పగానే తోచింది.

పద్ధతి నేనే కనిపెట్టాను. ఎడమ చేతిలో ఉడకబెట్టిన మేక కార్జం ముక్క. కుడి చేతిలో సూది. నాలుకతో చిన్న చప్పుడు చేస్తే కుక్క వచ్చేది. అరచెయ్యి దాని గడ్డం కింద పెడితే కదలకుండా నిలబడి తినేది. తింటుండగా భుజంలో పొడిచేవాణ్ణి. తర్వాత మనసులో పది లెక్కపెట్టేవాణ్ణి. పది లోపల కాళ్ళు మడతపడేవి.

మూడో రోజు మా గడప ముందు పడుకునే కుక్క వచ్చింది. గోధుమరంగుది. నా భార్య మిగిలిన బువ్వ పెట్టి సాకిన కుక్క. నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. "గిదొక్కటి ఎట్ల ఇడిసిపెడ్తవే? మా ఇంటి కాడిది సుత పెంచుకున్నదే గద" అన్నాడు వాళ్ళలో ఒకడు. ముందు రోజు వాడి కుక్కకే నేను సూది పెట్టాను. కార్జం ముక్క తీశాను. మా కుక్క పిలవకుండానే వచ్చి గడ్డం నా అరచేతిలో పెట్టింది. తింటున్నంతసేపూ తోక ఊపుతూనే ఉంది. నా భార్య గడపలో నిలబడి చూసింది.  ఆ తర్వాత నేను విమానం ఎక్కేదాకా నా చేతికి ఏదీ అందివ్వలేదు. కంచం నేల మీద పెట్టి పక్కకు జరిగేది, చెంబు నేల మీద పెట్టి పక్కకు జరిగేది.

చచ్చినవి పోతాయంటారు. అబద్ధం. కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెయ్యి వేలాడేస్తే, అరచేతికి తడి ముక్కు తగిలినట్టు ఉండేది. పట్టపగలు, నలభై మంది మధ్య. చూస్తే ఏమీ ఉండేది కాదు. చెయ్యి లాక్కుని తొడ కింద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇన్నేళ్ళలో అది తగ్గలేదు. చోటు మారినా తగ్గలేదు.

ఇక మేడం సంగతి. ఎండలు తగ్గి గాలి చల్లబడుతున్న నవంబరులో అల్ ఘర్రాఫా నుంచి ఒకావిడ లాబ్రడార్ కుక్కను తీసుకుని వచ్చింది. ఆమెది కాకినాడ వైపు. భర్త పెద్ద ఇంజనీరు. నేను తెలుగువాణ్ణని తెలియగానే ఆమె ముఖం విప్పారింది. నన్ను "మీరు" అనేది. పనివాణ్ణి మీరు అనేవాళ్ళు మా చోట ఎవరూ లేరు. కుక్క మాత్రం ఆమె కాళ్ళ వెనక నక్కి బయటకు రాలేదు. రెండేళ్ళది, ఆడది. గోధుమరంగు. చూడగానే ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

"మంచి జాతి కుక్కండి, కాయితాలన్నీ ఉన్నాయి" అంది మేడం. "అందుకే సరదాపడి పోటీకి తీసుకెళ్ళాం. జడ్జిగారు వీపు మీద చెయ్యి వేసేసరికి నేలకి కరుచుకుపోయి ఉచ్చ పోసేసింది. పళ్ళు చూద్దామని ఆయన వంగితే ఆయన చొక్కా చెయ్యి పట్టేసింది. చర్మానికి తగల్లేదు గానీ, మా పరువంతా పోయిందండి."

కుక్కల పోటీలో జరిగేది ఇదే. తాళ్ళు కట్టి గిరిగీసిన రింగ్ ఉంటుంది. కుక్కను పట్టుకుని పరుగెత్తాలి, తర్వాత బొమ్మలా నిలబెట్టాలి. ఎన్నడూ చూడని మనిషి వచ్చి పెదవి ఎత్తి పళ్ళు చూస్తాడు, మెడ నుంచి తోక దాకా చేతులతో తడుముతాడు. ఆ కాసేపు కుక్క కదలకూడదు, బెదరకూడదు.

"పరువు పోతే పోయిందిలే మేడం, కుక్కను ఇంట్ల ఉంచుకోండ్రి" అన్నాను. నాకు ఈ రంగు కుక్కతో పని వద్దు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉంచనివ్వరండి. మా ఆయన ఒకటే మాట అన్నారు. జనవరిలో ఇంకో పోటీ ఉంది, అందులో మనిషి చేతికి నిలబడితే ఇంట్లో ఉంటుంది, మళ్ళీ ఎవరినైనా పట్టేస్తే ఎడారిలో ఫామ్ ఉన్న ఫ్రెండుకి ఇచ్చేస్తారట. మా కాంపౌండులో ఇళ్ళన్నిటా చిన్నపిల్లలున్నారు, రేపు కరిస్తే ఎవరు జవాబు చెబుతారంటారు. అదీ నిజమే. కానీ అక్కడ గొలుసేసి కాపలాకి కట్టేస్తారండి. ఇది మిక్సీ చప్పుడికే మంచం కింద దూరుతుంది. అక్కడేం బతుకుతుంది చెప్పండి?"

కాదనలేకపోయాను. ఆమె మీద జాలి అని చెప్పుకుంటే అది సగమే నిజం. ఆ రంగు కుక్క ఒకటి నా చేతి కింద నిలబడి, బతికి, ఇంటికి వెళితే నా చెయ్యి కొంతయినా కడుక్కున్నట్టు అవుతుందని నాకు ఆశ పుట్టింది. స్వార్థమే. మనిషికి ఊరికే మంచితనం ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటి వారం నేను దాన్ని ముట్టుకోలేదు. గదిలో దానికి వీపు తిప్పి నేల మీద కూర్చునేవాణ్ణి, అంతే. ఏదో ఒకటి మాట్లాడేవాణ్ణి. మా కంపెనీని తిట్టేవాణ్ణి, మోకాలిని తిట్టేవాణ్ణి, క్యాంపు కూర సంగతి చెప్పేవాణ్ణి. ఐదో రోజు అది వచ్చి నా వీపుకు వీపు ఆనించి కూర్చుంది. "వచ్చినవా బిడ్డా" అన్నాను. అప్పటి నుంచి దానికి నా దగ్గర అదే పేరు.

చిక్కు రెండో వారంలో వచ్చింది. రింగ్‌లో కుక్కను నిలబెట్టడానికి అందరూ చేతిలో కార్జం ముక్క పట్టుకుంటారు. నేను ఖుబూస్‌తో ప్రయత్నించాను. గుడ్డుతో, ఉడకబెట్టిన శనగలతో ప్రయత్నించాను. బిడ్డ మర్యాదకు ఒకటి తిని దిక్కులు చూసేది. తలుపు చప్పుడైతే కుంగిపోయేది.

"అందరూ లివరే వాడతారటండి. మీరెందుకు వద్దంటున్నారు?" అంది మేడం.

"ఆ వాసన నాకు పడది మేడం."

"ముక్కుకి గుడ్డ కట్టుకోండి. మనకి వారాలే ఉన్నాయి, నెలలు లేవు" అంది ఆమె నవ్వుతూ. పడకపోవడం అంటే ఏమిటో ఆమెకెలా తెలుస్తుంది?

అల్ ముంతజాలో మనవాళ్ళ మాంసం కొట్టు ఒకటి ఉంది. అక్కడ కార్జం కొన్నాను. క్యాంపు వంటగదిలో ఉడికించాను. మర్నాడు ఎడమ చేతిలో ముక్క పట్టుకుని నాలుకతో ఆ చిన్న చప్పుడు చేశాను. ఏళ్ళ తర్వాత చేసినా తప్పలేదు. బిడ్డ చెవులు లేపి వచ్చింది. గడ్డం నా అరచేతిలో పెట్టింది. నాలుగు కాళ్ళూ సరిగా నిలిపి, తోక మెల్లగా ఊపుతూ, శిల్పంలా నిలబడి తింది. "అబ్బ, ఎంత బాగా నిలబడిందండీ!" అని మేడం చప్పట్లు కొట్టింది. నేను లోపల లెక్కపెడుతున్నాను. వద్దనుకున్నా లెక్క సాగుతోంది. ఎనిమిది, తొమ్మిది, పది. దాని కాళ్ళ వైపు చూశాను. నిలబడే ఉంది. నేను వెనక్కి పోయి నీళ్ళ గొట్టం దగ్గర వాంతి చేసుకున్నాను.

ఆ రోజు నుంచి రోజూ అదే పని. ముక్క పెట్టినప్పుడల్లా లెక్క నా లోపల దానంతట అదే మొదలయ్యేది. ఒక్కోసారి నా అరచేతిలో ఉన్నది బిడ్డ గడ్డమా, ఇంకోదానిదా అని తడబడేవాణ్ణి. బరువు ఒకటే, వెచ్చదనం ఒకటే. రెండూ ఒకే చోట నిలబడి ఒకే ముక్క తింటున్నట్టు ఉండేది. మా ముదీర్, అంటే మేనేజరు, నా వెనక నిలబడి "యా సలామ్, ఏం చెయ్యి ఇది!" అని మెచ్చుకునేవాడు. ఆయన మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

నా చేతికి నిలబడితే చాలదు, కొత్తవాళ్ళ చేతులకు నిలబడాలి. దానికి నాకొక ఉపాయం తట్టింది. శుక్రవారం సెలవు. మా క్యాంపువాళ్ళు ఖాళీ మైదానంలో క్రికెట్ ఆడతారు. మేడం కారులో బిడ్డను అక్కడికి తెచ్చాం. కట్టుడు తీగతో నాలుగు వైపులా రింగ్ కట్టాం. మేస్త్రీలు, స్టీలు కట్టేవాళ్ళు, డ్రైవర్లు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కడూ జడ్జి. ఒకడు హెల్మెట్ పెట్టుకుని చెవిలో పెన్సిల్ దోపి వచ్చాడు. పళ్ళు చూసి, "మావోని కన్నా గిదే మంచిగ తోముకుంటది" అన్నాడు. నేపాలీ డ్రైవరు "ఖడీ రహ్ బేటీ, ఖడీ రహ్" అని నిలబడమంటూ మెత్తగా తడిమాడు. సిమెంటు పగుళ్ళు పడ్డ చేతులు, సబ్బు వాసన చేతులు, వణికే చేతులు. మొదటి శుక్రవారం బిడ్డ ఇద్దరికి నిలబడి మూడోవాడికి కూలబడింది. నాలుగో శుక్రవారం వరసంతా అయిపోయేదాకా నిలబడింది. నేను ఖతర్‌లో అంతగా నవ్వింది ఆ రోజే.

నవ్వు ఎంతసేపని! వరసలో చివర మా పక్క ఊరి మేస్త్రీ ఉన్నాడు. బిడ్డ వీపు నిమిరి, నా వైపు కన్ను గీటి, "ఏందే, కుక్కలకు సూది పెట్టిన మొనగానివి, ఇప్పుడు ముద్దులు పెడ్తున్నవ్?" అన్నాడు. వాడికది వేళాకోళమే.

"సూదేంటండి?" అని మేడం తిరిగింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఎగబడి చెప్పాను. "టీకాలు మేడం. పిచ్చి లేవకుండ ఏస్తరు చూడు, గవి. మా ఊళ్ళె నేనే పట్టుకొని ఏసేటోన్ని."

మేస్త్రీ నోరు తెరిచి, నా ముఖం చూసి మూసుకున్నాడు. ఒకే పళ్ళెంలో తినేవాళ్ళం మేము.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండి!" మేడం ముఖం వెలిగిపోయింది. "ఎన్నిటికి వేసుంటారు?"

"చానా ఏసిన."

"ఎంత పుణ్యమండి! అందుకే మీ చేతికి ఆ గుణం వచ్చింది."

ఆమె మా ముదీర్‌కు చెప్పింది, కాంపౌండులో వాళ్ళకు చెప్పింది, భర్తకు చెప్పింది. పుణ్యాత్ముణ్ణయిపోయాను. ఆ మాట ఎవరన్నా అంటే తల వంచుకునేవాణ్ణి, వినయం అనుకునేవాళ్ళు.

పోటీ రోజు హాల్లో ఏసీ చలికి నా మోకాలు బిగుసుకుపోయింది. రింగ్‌లో కుక్కను పట్టుకుని పరుగెత్తేవాడికి, అంటే నాకు, కోటు ఉండాలట. మేడం భర్త పాత కోటు నాకు వేశారు. ఆయన చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నీ సంగతి చూస్తానన్నట్టు కుక్క వైపు చూస్తున్నాడు. చుట్టూ అరుపులు, మైకు, షాంపూ వాసన. బిడ్డ నా కాలికి రాసుకుంటూ నడిచింది. వణుకుతోంది. 

జడ్జి పొడుగాటి తెల్లాయన. ఆయన వంగి పెదవి ఎత్తాడు. నా ఎడమ చేతిలో ముక్క ఉంది, బిడ్డ గడ్డం ఉంది. ఆయన చెయ్యి భుజం మీదికి వచ్చింది. సరిగ్గా నేను సూది పెట్టిన చోటికే. నాలో లెక్క మొదలైంది. బిడ్డ ఒంట్లో వణుకు నా అరచేతికి తెలుస్తోంది. "నిలవడు బిడ్డా, ఏం గాదు, ఈసారి ఏం గాదు" అన్నాను. ఆయన చేతులు వీపు మీదుగా తోక దాకా పోయాయి. అది నా కళ్ళలోకే చూస్తూ నిలబడింది. ఆయన లేచి తల ఊపాడు. ఐపోయింది.

మూడో స్థానం ఇచ్చారు, రిబ్బను కట్టారు. మేడం భర్త లేచి వచ్చి బిడ్డ చెవి వెనక గోకాడు. అది ఆయన చెయ్యి నాకింది. "సరే, ఇక ఫామూ లేదు ఏమీ లేదు. ఇంట్లోనే ఉండనీ. నేను కారు తెస్తాను" అని బయటికి వెళ్ళాడు.

మేడం ఏడుస్తోంది. ఏడుస్తూ ఏడుస్తూ నేను వద్దనేలోపే నా ఎడమ చేతిని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. కార్జం జిగురు అంటిన చెయ్యి. "ఎన్ని ప్రాణాలు కాపాడిన చెయ్యండి ఇది" అంది.

ఎవరైనా తట్టుకుంటారా? నేను తట్టుకోలేకపోయాను.

"టీకాలు కాదు మేడం" అన్నాను. "చంపే సూది. ఊళ్ళె కుక్కలన్నింటికి నేనే పెట్టిన. గిట్లనే, కార్జం తినిపిచ్చుకుంట. మా ఇంటి కుక్కకు సుత నేనే పెట్టిన."

ఆమె నా చెయ్యి వదిలేసింది. చున్నీతో కళ్ళు తుడుచుకుంది, తర్వాత మళ్ళీ తుడుచుకుంది. అప్పుడు అడిగింది. "అరిచిందా?"

"లేదు మేడం. తోక ఊపింది."

 "తాడు ఇవ్వండి" అంది. అప్పుడు కూడా మీరు అనే అంది. ఇచ్చాను. కానీ బిడ్డ కదల్లేదు. నా బూటు మీద కూర్చుని కాలికి ఆనుకుంది. మేడం లాగింది. అది నేలకు కరుచుకుపోయి మూలగడం మొదలుపెట్టింది. జనం తిరిగి చూస్తున్నారు. బయట కారు హారను కొడుతోంది, ఆయన లోపలికి వచ్చి దీన్ని ఇలా చూస్తే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. నా జేబులో ముక్కలున్నాయి. ఒక్కటి చూపిస్తే లేచి ఎక్కడికంటే అక్కడికి వచ్చేది. జేబులోకి చెయ్యి పోయింది. పోయిన చెయ్యి తిరిగి రాలేదు, మళ్ళీ ఆ ముక్క పట్టుకోవడం నా వల్ల కాలేదు.

కాలు లాక్కుని నేల మీద దబ్బుమని కొట్టాను. "ఛీ! పో! పోవే ఇక్కడికెల్లి!" అని గొంతు చించుకుని అరిచాను.

బిడ్డ ఎగిరిపడింది. తోక కాళ్ళ మధ్యకు పోయింది. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది, నేను ఎవరో తెలియనట్టు. తర్వాత మేడంని లాక్కుంటూ తలుపు వైపు ఉరికింది. తీగ రింగ్‌లో నిలబెట్టి శుక్రవారాలు శుక్రవారాలు తీసిన భయాన్ని ఒక్క అరుపుతో నేనే మళ్ళీ పెట్టాను. అది అద్దం తలుపు దాటింది, కారెక్కింది, వెళ్ళిపోయింది.

ఆ కోటులోనే అక్కడ నిలబడిపోయాను. నాకు బాధ కంటే ముందు ఒక ఆలోచన వచ్చింది, అది ఇప్పటికీ పోవడం లేదు. అరవడం ఇంత తేలిక. ఆ రోజు మా గడప ముందు, నలుగురూ చూస్తుండగా, నేను ఒక్కసారి ఇట్లా అరిచి ఉంటే మా కుక్క ఉరికి ఉండేది.